డిప్రెషన్ ఉన్నవారితో కుక్క సెషన్ ఎలా నడపాలి

డిప్రెషన్ ఉన్న మనిషి కాసేపు కుక్కతో గడిపే ఈ సెషన్ మందులకు, కౌన్సెలింగ్‌కు తోడే గానీ వాటికి బదులు కాదు. కుక్క నెమ్మదైనదై, పిల్ల కాకుండా వయసులో ఎదిగినదై ఉండాలి. రేబిస్ టీకా, నులిపురుగుల మందు సకాలంలో పడాలి. అవతలివాళ్లకు కుక్కంటే భయమో, ఎలర్జీయో ఉందేమో ముందే అడగండి.

వారానికోసారి 30 నిమిషాలు చాలు. మొదటి 5 నిమిషాలు కుక్కను పిలవకుండా, దాన్నే వచ్చి వాసన చూడనివ్వండి. తర్వాత చేతికి బ్రష్ ఇవ్వండి. ఎదురుగా కూర్చుంటే నోరు పెగలని మనిషి, కుక్క వీపు దువ్వుతూ నాలుగు మాటలు చెప్పొచ్చు. మౌనంగా ఉన్నా సరే, మీరు తొందరపెట్టొద్దు.

ఎక్కువగా చెడేది కుక్క అలసటను గమనించనప్పుడు: ఆవలింతలు, మూతి నాక్కోవడం, మొహం తిప్పుకోవడం కనిపిస్తే ఆపేయండి. కుక్క రాని వారం ముందే చెప్పాలి, లేకపోతే అది తమ తప్పేనని అనుకుంటారు. చనిపోవాలనుందన్న మాట వస్తే సెషన్ ఆపి, ఒంటరిగా వదలకుండా డాక్టర్‌కు లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.