నవంబరులో అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో ఫార్గో నుంచి బిస్మార్క్‌కు కారులో బయల్దేరే ముందు

• పొద్దుటి ఎండను నమ్మకండి. 1940 నవంబరు 11న పక్క రాష్ట్రం మిన్నెసోటాలో వెచ్చగా తెల్లారింది, ఆ రోజే మంచు తుఫాను విరుచుకుపడింది. పల్చటి బట్టల్లో బాతుల వేటకెళ్ళినవాళ్ళు ఎంతోమంది చలికి చనిపోయారు.

• రోడ్ల సమాచారం చెప్పే 511 నంబరుకి ఫోన్ చేసి, మీరు వెళ్ళే హైవే ఐ-94 పరిస్థితి కనుక్కోండి. మూసేశారంటే ఆగిపోవడమే. జీపీఎస్ చూపించే పక్కదారి జోలికి అసలు పోవద్దు.

• పెట్రోలు సగం ట్యాంకుకు తగ్గనివ్వకండి.

• దుప్పట్లు, టార్చి, తిండి, పార. ఇవన్నీ డిక్కీలో కాదు, చేతికందేలా పెట్టుకోండి.

• వంతెనలు ముందు గడ్డకడతాయి. జారుడు రోడ్డు మీద క్రూజ్ కంట్రోల్ (కారు తనంతట తానే ఒకే వేగంతో పోయే ఏర్పాటు) వద్దు.

• దారిలో చిక్కుకుంటే, టెన్షన్ పడి కారు దిగి నడవకండి. ఇంజిన్ గంటకు పది నిమిషాలు చాలు. అంతకుముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి, లేదంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికొస్తుంది. కిటికీ కూడా కొంచెం దించండి, చలేసినా సరే.