గీ ఒంటికి కుదరడం లేదా? సమస్యను బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

బ్రెజిలియన్ జియు-జిట్సు అనే కుస్తీ తరహా క్రీడలో వేసుకునే జాకెట్, ప్యాంటు జతను గీ అంటారు. అది కొనేటప్పుడు కొలతల పట్టిక సాధారణంగా రెండే అంకెలు అడుగుతుంది: ఎత్తు, బరువు. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరిలో ఒకరికి విశాలమైన భుజాలు, సన్నని కాళ్లు ఉండవచ్చు. మరొకరికి లావు తొడలు, పొట్టి చేతులు ఉండవచ్చు. పట్టిక మాత్రం ఇద్దరికీ ఏ2 అనే ఒకే సైజు చెబుతుంది. అందుకే గీతో ఇబ్బంది మొదలవగానే సైజు తప్పిందని తేల్చేసి పై సైజు కొనవద్దని గట్టిగా చెబుతాను. ఎక్కడ పట్టేస్తోంది, ఏ కదలికలో పట్టేస్తోంది, ఉతకక ముందా, ఉతికిన తర్వాతా? ఈ మూడూ గమనిస్తే అసలు కారణం దొరుకుతుంది. చాలాసార్లు అది సైజు కాదు, కటింగ్ లేదా ఉతికే పద్ధతి.

ముందు ఒక పరీక్ష

అద్దం ముందు నిటారుగా నిలబడితే ఏ గీ అయినా బాగానే కనిపిస్తుంది. ఎడమ అంచు కుడి అంచు మీదికి వచ్చేలా జాకెట్ మూసి బెల్టు కట్టండి. రెండు చేతులూ ముందుకు చాచండి. ఆ తర్వాత మిమ్మల్ని మీరే కౌగిలించుకున్నట్టు చేతులు భుజాల మీద వేసుకోండి. పూర్తిగా గొంతుక్కూర్చోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోండి, ఒక కాలు పైకెత్తి ఎదుటివారి భుజం మీద వేసినట్టు పక్కకు తిప్పండి. గార్డ్‌లో, అంటే కింద ఉండి కాళ్లతో ఎదుటివారిని అడ్డుకునేటప్పుడు, శరీరం చేసే పనులు ఇవే. వీటిలో ఎక్కడైనా బట్ట మిమ్మల్ని ఆపితే, ఆ చోటుకు సంబంధించిన భాగం కింద చూడండి. ట్యాగులు తీయకుండానే ఈ పరీక్ష చేస్తే తిరిగి ఇచ్చే అవకాశం మిగులుతుంది.

కొన్నప్పుడు సరిపోయింది, ఉతికాక పొట్టిదైంది

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది. గీ జాకెట్ ప్రధానంగా నూలు బట్ట. నేసేటప్పుడు సాగదీసి ఉంచిన దారాలు వేడి నీళ్లు తగలగానే వదులై దగ్గరికి చేరతాయి. డ్రయర్ వేడిలో, గిరగిర తిరిగే కదలికలో ఇది మరింత పెరుగుతుంది. ముందే ముడుచుకునేలా శుద్ధి చేసిన బట్ట అని రాసి ఉన్నా నిశ్చింతగా ఉండకూడదు. ఆ శుద్ధి ముడుచుకోవడాన్ని తగ్గిస్తుంది తప్ప పూర్తిగా ఆపదు.

ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూడండి. వీపు మీదుగా ఒక స్లీవ్ చివరి నుంచి మరో స్లీవ్ చివరి వరకు జాకెట్ 160 సెంటీమీటర్లు ఉందనుకుందాం. అది 3 శాతం ముడుచుకుంటే దాదాపు 5 సెంటీమీటర్లు పోతుంది, అంటే ఒక్కో చేతి వైపు రెండున్నర సెంటీమీటర్లు. కొత్తగా ఉన్నప్పుడే మణికట్టుకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఆగిన స్లీవ్ ఇక పోటీకి పనికిరాకపోవచ్చు. పైగా జాకెట్ నేత వేరు, ప్యాంటు నేత వేరు. రెండూ ఒకేలా ముడుచుకోవు. జాకెట్ బాగానే ఉండి ప్యాంటు మాత్రం పిక్కల మీదికి వచ్చిందంటే కారణం ఇదే.

పరిష్కారం కొన్న రోజునే మొదలవుతుంది. గీని నేల మీద పరిచి నాలుగు కొలతలు రాసి పెట్టుకోండి: స్లీవ్ నుంచి స్లీవ్‌కు, మెడ నుంచి కింది అంచుకు, చంక నుంచి చంకకు, తొడల మధ్య కుట్టు నుంచి ప్యాంటు అంచుకు. చల్లటి నీళ్లలో ఉతికి, నీడలో ఆరేసి, మళ్లీ కొలవండి. రెండు మూడు ఉతుకుల వరకు ఇలా చూస్తే ఆ బట్ట స్వభావం తెలుస్తుంది. ఇప్పటికే సరిగ్గా సరిపోయి ఉంటే జీవితాంతం చల్లటి నీళ్లే, డ్రయర్ వద్దు. కాస్త పెద్దదైతే వేడిని మీకు అనుకూలంగా వాడుకోవచ్చు. ముందు గోరువెచ్చని నీళ్లతో ఉతికి, ఆరేసి, కొలిచి, చాలకపోతేనే వేడి పెంచండి. ఒకేసారి మరిగే నీళ్లలో వేసేయవద్దు. తడిగా ఉన్నప్పుడు స్లీవులు పట్టి లాగి ఆరేస్తే కొద్దిగా పొడవు తిరిగి వస్తుంది, కానీ పోయినదంతా రాదు.

ఎత్తు ఒక సైజు చెబుతోంది, బరువు ఇంకొకటి

ఏ0, ఏ1, ఏ2 అంటూ సాగే పెద్దల సైజుల మధ్యలో చాలా తయారీ సంస్థలు మరికొన్ని ఇస్తాయి. సైజు పక్కన ఎల్ ఉంటే అదే వెడల్పులో పొడవు ఎక్కువ. హెచ్ ఉంటే అదే పొడవులో వెడల్పు ఎక్కువ. సన్నగా పొడవుగా ఉన్నవారు ఏ3 కొని గాలిపటంలా తేలిపోవడం కన్నా ఏ2ఎల్ వెతకడం మేలు. పై సగం, కింది సగం వేర్వేరు సైజుల్లో ఉన్న శరీరమైతే జాకెట్, ప్యాంటు విడివిడిగా అమ్మేవారి దగ్గర కొనండి. ఒక సంస్థ ఏ2 మరో సంస్థ ఏ2తో సమానం కాదు కాబట్టి ప్రతిసారీ పట్టికలోని సెంటీమీటర్లనే చూడాలి. మీ దగ్గర నచ్చిన గీ ఒకటి ఉంటే దాన్నే కొలిచి పోల్చుకోండి. ఇంతకు మించిన నమ్మకమైన మార్గం నాకు తెలియదు.

చేతులు చాచితే వీపు పట్టేస్తోంది

ఇక్కడ రెండు వేర్వేరు కారణాలు ఒకేలా అనిపిస్తాయి. మిమ్మల్ని మీరు కౌగిలించుకున్నప్పుడు రెండు భుజాల మధ్య వీపు మీద బట్ట బిగుసుకుంటే, జాకెట్ నిజంగానే ఇరుకు. పై సైజు లేదా హెచ్ రకం చూడాలి. అలా కాకుండా, చెయ్యి పైకెత్తగానే జాకెట్ మొత్తం పైకి లేచి బెల్టులోంచి బయటికి వస్తుంటే, చంక కటింగ్ మరీ కిందికి ఉందన్నమాట. చంక కిందికి దిగినకొద్దీ చెయ్యి లేచినప్పుడు నడుము దగ్గరి బట్ట కూడా వెంట వస్తుంది. ఈ రెండో సందర్భంలో పై సైజుకు వెళితే చంక మరింత కిందికి దిగి సమస్య పెరుగుతుంది. చంక ఎత్తుగా కత్తిరించి, అక్కడ అదనపు ముక్క కుట్టిన వేరే నమూనా ఎంచుకోండి.

ఈ లోపాన్ని దర్జీ దగ్గర సరిచేయించాలని చూడకండి. చాలా జాకెట్లకు వీపు మధ్యలో కుట్టు ఉండదు, ఒకే ముక్కగా నేసి ఉంటుంది. భుజాల వెడల్పు పెంచడానికి బట్టే దొరకదు.

స్పారింగ్ (సాధన పోరు) మధ్యలో జాకెట్ విప్పుకుపోతోంది

మంచి ప్రత్యర్థి జాకెట్ అంచును కావాలనే బయటికి లాగుతాడు, అది ఆటలో భాగం. ప్రతి రౌండ్‌లో, ఎవరూ లాగకుండానే తెరుచుకుంటుంటే మాత్రం చూడవలసినవి మూడు.

మొదటిది వెడల్పు. జాకెట్ మూసినప్పుడు పై అంచు రెండో వైపు తుంటి దాకా రావాలి. బొడ్డు దాటి కొంచెమే వస్తే జాకెట్ చిన్నది. తుంటి దాటి వెనక్కి తిరుగుతుంటే పెద్దది. పెద్దదైన జాకెట్ చూడటానికి బాగుండకపోవడం చిన్న విషయం. ఆ మిగులు బట్ట ఎదుటివారి చేతికి ఆయుధమవుతుంది. అంచును మీ చేతి కిందుగా తిప్పి కట్టేయడానికి, మెడ చుట్టూ తెచ్చి చోక్ (మెడను నొక్కే పట్టు) వేయడానికి కావలసినంత పొడవు మీరే అందించినట్టవుతుంది. జాకెట్ పక్క కుట్లు లోపలికి వేయించడం మామూలు దర్జీకి కూడా సాధ్యమే, మందపాటి బట్టకు తగిన సూది ఉంటే చాలు.

రెండోది కింది భాగం పొడవు. కింది అంచు తొడ మీదికి రావాలి. తుంటి దగ్గరే ఆగితే బెల్టు పట్టుకోవడానికి బట్ట చాలదు. దీనికి మరమ్మతు లేదు, పొడవైన రకం తీసుకోవాలి. జూడో గీలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాటి కింది భాగం పొడవుగా, స్లీవులు వెడల్పుగా ఉంటాయి. నేర్చుకునే తొలి నెలల్లో ఇంట్లో ఉన్న జూడో గీ వాడుకోవడంలో తప్పులేదు. పలచటి కరాటే దుస్తులు మాత్రం ఈ పట్టులకు తట్టుకోలేవు, తొందరగా చిరుగుతాయి.

మూడోది బెల్టు. కొత్త బెల్టు బిరుసుగా ఉండి ముడి జారుతుంది, వాడినకొద్దీ మెత్తబడుతుంది. పొట్ట మీద ఎత్తుగా కాకుండా తుంటి ఎముకల మీద కట్టండి. ముడి వేసేటప్పుడు ఒక కొసను రెండు చుట్ల కిందుగానూ పోనివ్వండి.

ప్యాంటు

గీలో ముందుగా పాడయ్యేది ప్యాంటే, అయినా కొనేటప్పుడు అందరూ జాకెట్‌నే చూస్తారు. గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలి దగ్గర పట్టేసి, వెనక నడుము కిందికి జారితే తొడల మధ్య బట్ట చాలడం లేదు. అక్కడ నాలుగు కుట్లూ ఒకే బిందువు దగ్గర కలిస్తే బలమంతా ఆ బిందువు మీదే పడుతుంది, గార్డ్ దాటే క్రమంలో కాళ్లు చాచినప్పుడు అది చిరుగుతుంది. కుట్లు కలిసే చోట విడిగా వెడల్పాటి ముక్క వేసి ఉన్న ప్యాంటు చూసి కొనండి. మోకాళ్ల మీద రెండో పొర ఉండాలి, అది మోకాలి కిందికి కూడా కొంత సాగాలి. మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు నేలకు రాసుకునేది ఆ కింది భాగమే కదా.

నాడా మాటిమాటికీ వదులవుతుంటే చదునైన నూలు నాడా తీసేసి, కొద్దిగా సాగే గుండ్రటి తాడు ఎక్కించండి. నడుము చుట్టూ తాడును పట్టి ఉంచే రింగులు ముందు వైపు రెండే ఉంటే ముడి పక్కకు జరుగుతుంది. నాలుగు ఉంటే నిలకడగా ఉంటుంది. ప్యాంటు పొడవు ఎక్కువైతే కాలి వేళ్లు అంచులో చిక్కుకుంటాయి, వెంటనే మడిచి కుట్టించండి.

స్లీవులు

మరీ వెడల్పుగా ఉంటే పట్టు సులభంగా దొరుకుతుంది, స్పైడర్ గార్డ్ (స్లీవులు పట్టుకుని, పాదాలతో చేతులను నెట్టి ఆపే పద్ధతి) ఆడేవారికి మీ చేతులు అప్పగించినట్టే. అలాగని బాగా బిగించి కుట్టించడం కూడా సరికాదు. సాధన జోడీ వేళ్లు ఇరుకు గుడ్డలో మెలిపడి గాయపడతాయి, వారు నేర్చుకోవలసిన పట్టులూ నేర్చుకోలేరు.

బరువు, ఉక్క, ఆరకపోవడం

జాకెట్ బరువును చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో జీఎస్‌ఎం అంటారు. సుమారు 350 నుంచి 450 వరకు తేలిక, 550 దాటితే బరువు. ఉక్కగా ఉండే గదిలో సాధన చేసేవారికి, వారానికి చాలాసార్లు వెళ్లేవారికి పెర్ల్ వీవ్ అనే నేతతో చేసిన తేలికపాటి జాకెట్ హాయి. కాలర్ లోపల రబ్బరు లాంటి నురుగు ఉంటే తొందరగా ఆరుతుంది, నూలు నింపినది తడి పట్టి ఉంచి వాసన వేస్తుంది. బిరుసు కాలర్ మెడను ఒరుసుకుపోతుంటే నాలుగైదు ఉతుకులు ఓపిక పట్టండి. వాసన కోసం క్లోరిన్ బ్లీచ్ వాడితే నూలు బలహీనపడుతుంది. సాధన అయిన రోజే ఉతికి, గాలి తగిలేలా ఆరేయడమే సరైన మందు. తామర లాంటి చర్మవ్యాధులు తడి గీల ద్వారా పాకగలవు కాబట్టి ఇది పక్కవారి పట్ల కూడా మన బాధ్యత.

మహిళలకు, పిల్లలకు

తుంటి దగ్గర సరిపోయేలా పురుషుల సైజు తీసుకుంటే భుజాల దగ్గర వేలాడుతుంది, భుజాలకు తగ్గట్టు తీసుకుంటే తుంటి దగ్గర తెరుచుకుంటుంది. ఎఫ్ అక్షరంతో మొదలయ్యే సైజులు ఇందుకే ఉన్నాయి. తుంటి చుట్టుకొలత కూడా ఇచ్చిన పట్టికనే నమ్మండి.

ఎదిగే పిల్లలు కదా అని రెండు సైజులు పెద్దది కొని స్లీవులు బయటికి మడిచి పంపడం మాత్రం దయచేసి చేయవద్దు. ఆ మడతలో ఎదుటి పిల్లవాడి వేళ్లు ఇరుక్కుని బెణుకుతాయి. ఒక సైజు పెద్దది తీసుకుని స్లీవులు, ప్యాంటు అంచులు లోపలికి మడిచి కుట్టించండి. ఎదిగాక కుట్టు విప్పితే సరిపోతుంది.

పోటీ తనిఖీలో ఆపేశారు

అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య (ఐబీజేజేఎఫ్) నియమాల ప్రకారం, చేతిని నేలకు సమాంతరంగా ముందుకు చాచినప్పుడు స్లీవ్ మణికట్టుకు 5 సెంటీమీటర్ల లోపు వరకు రావాలి. స్లీవ్‌కూ చేతికీ మధ్య 7 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ప్యాంటు చీలమండ ఎముకకు 5 సెంటీమీటర్ల లోపు వరకు, జాకెట్ తొడ వరకు రావాలి. బెల్టు వెడల్పు 4 నుంచి 5 సెంటీమీటర్లు, ముడి వేశాక వేలాడే కొసలు 20 నుంచి 30 సెంటీమీటర్లు. రంగు తెలుపు, రాయల్ బ్లూ, నలుపు మాత్రమే, జాకెట్, ప్యాంటు ఒకే రంగులో ఉండాలి. చిరిగిన గీని అనుమతించరు. వేరే నిర్వాహకుల పోటీ అయితే వారి నియమావళి విడిగా చదవండి.

ఈ కొలతలు పోటీకి ముందు చివరిసారి ఉతికిన తర్వాత, గీ పూర్తిగా ఆరాక తీసుకోండి. చిరుగు కనిపిస్తే వెలుతురుకు పట్టి చూడండి. కుట్టు మాత్రమే ఊడితే దర్జీ సరిచేస్తాడు. చుట్టూ నేతే పలచబడి వెలుతురు కనిపిస్తుంటే అతుకు నిలవదు, దాన్ని సాధనకు ఉంచుకుని పోటీకి మరొకటి తీసుకెళ్లండి.