ఫణిగిరి గుట్ట మీద ఏం చూడాలి, ఎట్లా చూడాలి

ఫణిగిరి ఎక్కినవాళ్లలో చాలామంది అరగంటలో దిగొచ్చి, "ఏముంది, మొండి గోడలే కదా" అంటారు. నిజమే, సుమారు రెండు వేల ఏళ్ల కిందటి ఈ బౌద్ధ క్షేత్రంలో మిగిలినవి పునాదులే. వాటి ఆకారం పోల్చుకోవడం వస్తే మాత్రం మూడు గంటలు చాలవు.

ఊరు ఒకప్పటి నల్లగొండ జిల్లాలోది, ఇప్పుడు సూర్యాపేట జిల్లా నాగారం మండలం. సూర్యాపేట నుంచి జనగామ రోడ్డులో అర్వపల్లి మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచైతే సుమారు 110.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పొద్దున ఏడింటికల్లా గుట్ట కింద ఉండాలి. పైన నీడ తక్కువ, పొద్దెక్కితే బండ కాలుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, అడుగున పట్టున్న బూట్లు ఉండాలి. సద్ది కట్టుకుని పోవడం మేలు, తినడం మాత్రం కిందికి దిగాకే. వాన పడ్డ మర్నాడు వద్దు. బండ మీది పాచి ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు కాలు లాగుతుంది. పొద్దుటి ఏటవాలు ఎండతో ఇంకో లాభం ఉంది: ఇటుక వరసల నీడ పడి కట్టడం గీత గీసినట్టు తేలుతుంది. మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే అంతా ఒకటే ఎర్ర ముద్ద.

ముందు మహాస్తూపం, అంటే బౌద్ధులు పూజించే పెద్ద గుండ్రటి దిబ్బలాంటి కట్టడం, దగ్గరికి పోండి. అది మీ కుడిచేతి వైపు ఉండేలా చుట్టూ తిరగండి, ప్రదక్షిణ పద్ధతి అదే. తర్వాత చైత్యగృహాలు. ఒక కొస తిన్నగా ఉండి, రెండో కొస ఏనుగు వెనకభాగంలా గుండ్రంగా తిరిగితే అది చైత్యగృహం. పూజాస్థానం ఆ గుండ్రటి కొసలోనే: స్తూపమో, బుద్ధపాదాలో. ఇంచుమించు ఒకే కొలతతో చిన్న గదులు వరసగా, గదికొక్క వాకిలి సందుతో కనిపిస్తే విహారం, అంటే భిక్షువులు ఉన్న చోటు. రాతి స్తంభాలు వరసలు కట్టి ఉన్నది అందరూ కూడే మండపం.

ఒకచోట ఇటుక పక్కన కూర్చుని జానతో కొలవండి. ఆ కాలపు ఇటుక మన 9 అంగుళాల ఇటుకకు దాదాపు రెట్టింపు పొడవు. గోడ మీద మాత్రం నడవద్దు. అంచు ఇటుక ఒకటి కదిలిందంటే సందులో వాన నీళ్లు దిగి వరసంతా వదులవుతుంది.

చెక్కిన శిల్పాల కోసం వస్తే నిరాశే. విలువైనవి చాలావరకు భద్రత కోసం గుట్ట దింపారు. ఇక్కడి సున్నపురాతి తోరణం (ద్వారం మీది చెక్కిన రాతి దూలం) 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా పోయింది. మట్టిలో ఇంకా ఏముందో 2024 తవ్వకం చూపింది: ఒక్క కుండలో 3,730 సీసపు నాణేలు, ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు (కొసల్లో సున్నాలున్న కూడిక గుర్తు), శాతవాహనుల తర్వాత ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల నాటివి. అందుకే కాలికి తగిలిన కుండపెంకు కూడా జేబులో వేసుకోవద్దు. ఏ పొరలో, ఏ గోడ పక్కన దొరికిందో తెలిస్తేనే దాని కాలం చెప్పగలరు. మీ ఇంటి అలమరలో అది ఉత్త పెంకే.