అమెరికాలో గాలం వేయడానికి లైసెన్సు: వయసు మినహాయింపు ఎవరికి వర్తిస్తుంది?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి ఏటా ఎందరో తల్లిదండ్రులు సందర్శకుల వీసా మీద అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లి కొన్ని నెలలు ఉండి వస్తుంటారు. శనివారం వచ్చిందంటే పిల్లలు సరస్సు పక్కనున్న ఏదో పార్కుకు తీసుకువెళ్లి, మనవడి చేతికి గాలం కర్ర ఇచ్చి, మనల్ని ఆ పక్కనే కూర్చోబెడతారు. చిన్నప్పుడు రాయలచెరువు కట్ట మీద జొన్నదంటు బెండు కట్టి, ఎర్రలు గుచ్చి గాలం వేసినవారికి చేతులు ఊరుకోవు. మన ఊళ్లో చెరువు లీజు ఎవరిదో కనుక్కుని వారి అనుమతి తీసుకుంటాం; వయసు ప్రస్తావన రాదు. అమెరికాలో మాత్రం గాలం వేయడానికి లైసెన్సు కావాలి, అది ఎవరికి అవసరమో తెలియాలంటే ముందుగా చూసుకోవలసింది వయసే.

అక్కడ ఈ లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇచ్చేది కాబట్టి, పిల్లలు ఉంటున్న రాష్ట్రం నియమాన్నే చూడాలి. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, న్యూయార్క్, న్యూజెర్సీలలో 16 ఏళ్లు నిండినవారికి లైసెన్సు అవసరం. టెక్సాస్‌లోను, మిషిగన్‌లోను 17 నిండే వరకు అక్కర్లేదు. వాషింగ్టన్‌లో 15కే మొదలవుతుంది; ఆరెగాన్‌లో ఇంకా ముందుగా, 12కే.

ఇక్కడ మన లెక్కల అలవాటుతో ఒక చిక్కు ఉంది. మనం ‘పదహారో యేడు నడుస్తోంది’ అంటే నిండినవి పదిహేనే. అక్కడ నిండిన ఏళ్లనే లెక్కిస్తారు కనుక, మనవడికి పదహారో పుట్టినరోజు వచ్చిన నాటి నుంచి కాలిఫోర్నియాలో లైసెన్సు కావాలి. పెద్దల విషయంలో చిక్కు మరో రకంగా ఉంటుంది. మన తరంలో చాలామందికి బడిలో వేసిన పుట్టిన తేదీ ఒకటి, ఇంట్లో జాతకంలో ఉన్నది ఇంకొకటి. అక్కడ చెల్లేది పాస్‌పోర్టులో ఉన్న తేదీయే కాబట్టి షష్టిపూర్తి ఎప్పుడు జరిగిందన్న లెక్క పనికిరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది వృద్ధుల మినహాయింపు. పిల్లల మినహాయింపు ఎక్కడి నుంచి వచ్చిన పిల్లలకైనా సాధారణంగా వర్తిస్తుంది. పెద్దలది అలా కాదు, అది ఎక్కువగా ఆ రాష్ట్రంలో స్థిరనివాసం ఉన్నవారికే. ఫ్లోరిడాలో 65 నిండినవారికి లైసెన్సు అక్కర్లేదన్నమాట నిజమే కానీ, వారు ఫ్లోరిడా వాసులై ఉండి, వయసుకూ నివాసానికీ రుజువు చూపాలి. న్యూజెర్సీలో 70 నిండిన స్థానికులకు మంచినీటిలో చేపలు పట్టడానికి లైసెన్సు అవసరం లేదు. టెక్సాస్‌లో 65 దాటిన స్థానికులకు ఫీజు తగ్గిస్తారే తప్ప లైసెన్సు అక్కర్లేదనరు. 1931 జనవరి 1కి ముందు పుట్టిన స్థానికులకు మాత్రమే పూర్తి మినహాయింపు ఉంది. కాలిఫోర్నియాలో వయసు పైబడినంత మాత్రాన మినహాయింపు లేదు. కాబట్టి తిరుపతి నుంచి వెళ్లిన డెబ్బై ఏళ్ల తాతగారు ఈ రాష్ట్రాలలో బయటివారి కిందికే వస్తారు, బయటివారి లైసెన్సే తీసుకోవాలి.

ఈ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. టెక్సాస్‌లో ఒక సరస్సు ఒడ్డున తొమ్మిదేళ్ల మా మనవడు నీళ్లు తాగడానికి వెళుతూ ‘తాతా, ఒక్క నిమిషం పట్టుకో’ అని కర్ర నా చేతికిచ్చాడు. ఎరుపు, తెలుపు రంగుల బెండు మునగడం చూసి నేను అలవాటుగా లాగాను. అప్పుడే వచ్చిన వార్డెన్ (వేట నియమాల అమలు చూసే అధికారి) నా లైసెన్సు అడిగాడు. వయసు చెబితే సరిపోతుందనుకున్నాను. ఆయన అడిగింది నేను ఎక్కడ ఉంటానని. మర్యాదగానే హెచ్చరించి వదిలేశాడు గాని, జరిమానా వేసినా నేను కాదనగలిగేది లేదు. పిల్లవాడికి మినహాయింపు ఉన్నంత మాత్రాన అతని గాలం పట్టుకున్న పెద్దవారికి అది రాదు. ఎర గుచ్చడం వరకు సాయం చేసినా, గాలం విసరడం, లాగడం మాత్రం పిల్లవాడి చేతనే చేయించడం క్షేమం.

వయసుతో పని లేకుండా మినహాయింపు దొరికే చోట్లు, రోజులు కూడా ఉన్నాయి, మనవంటివారికి ఇవే ఎక్కువ ఉపయోగం. టెక్సాస్‌లో రాష్ట్ర ప్రభుత్వం నడిపే స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీద నుంచి గాలం వేస్తే లైసెన్సు అడగరు. కాలిఫోర్నియాలో సముద్రం మీది పబ్లిక్ పియర్‌ల (ఒడ్డు నుంచి నీటిలోకి కట్టిన వంతెన వంటి కట్టడాల) నుంచి వేయవచ్చు. టెక్సాస్‌లో జూన్ మొదటి శనివారం అందరికీ ఉచితం. చాలా రాష్ట్రాలు ఏటా ఇటువంటి రోజులు ప్రకటిస్తాయి. అయితే ఎన్ని చేపలు పట్టవచ్చు, ఎంత పొడవున్నవి ఉంచుకోవచ్చు అనే పరిమితులు ఆ రోజుల్లోనూ, ఆ చోట్లలోనూ, చిన్నపిల్లలకు కూడా వర్తిస్తాయి.

లైసెన్సు తీసుకోవడం కష్టమేమీ కాదు. ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లోనో, వాల్‌మార్ట్ వంటి దుకాణంలో క్రీడాసామగ్రి కౌంటర్ దగ్గరో పాస్‌పోర్టు చూపి కొనవచ్చు. ఏడాది లైసెన్సు కొనవలసిన అవసరం మనకు చాలావరకు ఉండదు: టెక్సాస్‌లో ఒక రోజుది, ఫ్లోరిడాలో మూడు రోజులది, ఏడు రోజులది బయటివారికి అమ్ముతారు. ఏడాదిది కొనేవారు గడువు చూసుకోవాలి. టెక్సాస్‌లో మామూలు లైసెన్సు సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి జులైలో కొన్నది రెండు నెలలకు మించి రాదు. కొనేటప్పుడు నివాసం అడిగిన చోట అబ్బాయి చిరునామా చూపి స్థానికులమని రాయించకండి. అది తప్పుడు ప్రకటన అవుతుంది, వీసా మీద వెళ్లినవారికి అసలే మంచిది కాదు.