పాత మౌజర్ రైఫిళ్ల సేకరణ – 4వ పాఠం: రిసీవరును పరిశీలించడం

గత పాఠంలో రైఫిలు వాల్‌నట్ కర్ర పనితనాన్ని చూశాం. ఈ పాఠంలో దాని కింద ఉన్న ఉక్కును, అంటే బ్యారెల్ వెనుక మిగతా భాగాలను ఇముడ్చుకునే రిసీవరును పరిశీలిద్దాం, ఎందుకంటే అందమైన కర్రను ఎప్పుడైనా మార్చుకోవచ్చు గాని, పాడైన రిసీవరును బాగుచేయడం దాదాపు అసాధ్యం. ఆయుధ చట్టానికి 2019లో జరిగిన సవరణ తరువాత మన దేశంలో సాధారణ లైసెన్సుదారుకు రెండు తుపాకులకే అనుమతి ఉంది కనుక, తప్పు ఎంపికకు ఇక్కడ చోటు చాలా తక్కువ.

విశాఖ మహారాణిపేటలో ఒక మిత్రుడి ఇంట్లో, వారి తాతగారి నుంచి వారసత్వంగా లైసెన్సుతో సహా సంక్రమించిన రైఫిలును ఆ మిత్రుడి సమక్షంలోనే చూసినప్పుడు ఈ విద్య నాకు అబ్బింది. మొదట బోల్టు (తూటా వెనుక మూసే జరిగే కడ్డీ) తెరిచి, చాంబరు (తూటా కూర్చునే గది), మ్యాగజైను (మిగతా తూటాలుండే అర) ఖాళీగా ఉన్నాయని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి. ఆ తరువాతే మిగతా పరిశీలన.

జర్మన్ సైన్యం 1898లో స్వీకరించిన మౌజర్ 98 రైఫిలు రిసీవరులో, ఎడమ గోడ పైఅంచున బొటనవేలు ఆనేంత గుంట ఉంటుంది. క్లిప్పులోని (తూటాలను వరుసగా పట్టి ఉంచే లోహపు పట్టీ) తూటాలను సైనికుడు వేలితో లోపలికి నొక్కడానికి దానిని తొలిచారు. వేట కోసమే తయారైన మౌజర్ యాక్షన్లలో (రిసీవరు, బోల్టు కలిసిన యంత్రభాగం) తరచూ ఆ గుంట ఉండదు. కనుక అది కనిపిస్తే ఆ ఉక్కు సైన్యం నుంచి వచ్చిందని చాలావరకు నమ్మవచ్చు. ఇలాంటి సైనిక రైఫిలును వేటకు మార్చేటప్పుడు, రిసీవరు వెనుక వంతెనపై (బోల్టు మీదుగా అడ్డంగా సాగే భాగం) క్లిప్పును నిలిపే దిమ్మను నిపుణులు అరగదీసి నున్నగా చేస్తారు, నిటారు బోల్టు పిడిని కిందికి వంచుతారు లేదా కోసి కొత్తది వెల్డు చేస్తారు. ఆ అతుకును భూతద్దంతో వెతకండి.

అసలు ప్రమాదం రిసీవరు ముందు వలయం దగ్గర ఉంది. అక్కడ ఉన్న దేశ చిహ్నాన్ని చెరిపేయడానికి కొందరు ఉక్కును లోతుగా అరగదీస్తారు. మౌజర్ రిసీవరు తక్కువ కార్బన్ ఉక్కుతో చేసి, పైపొరను మాత్రమే గట్టిపరిచినది కాబట్టి, ఎక్కువగా అరిగితే ఆ గట్టి పొర పోతుంది. లోపల పొర మెత్తబడి ఉంటే బోల్టు లగ్గులు (బోల్టును బిగించి పట్టే దంతాలు) తమ ఆసనాల్లోకి కొంచెం కొంచెంగా కుంగిపోతాయి. అప్పుడు తూటాకు వెనుక ఉండవలసిన ఖాళీ కొలత పెరుగుతుంది, కాల్చిన తరువాత బోల్టు ఎత్తడం బరువవుతుంది. ఇది కంటికి కనిపించేది కాదు; లైసెన్సు ఉన్న ఆయుధ నిపుణుడు గేజీలతో కొలిచి తేల్చవలసిందే. బోల్టు మీది సంఖ్య రిసీవరు సంఖ్యతో కలవకపోతే ఆ కొలత మరింత అవసరం.

విశాఖ గాలిలో ఉప్పు ఉంది. కర్రకూ లోహానికీ మధ్య చేరిన తుప్పు బయటికి తెలియదు. నా మిత్రుడి రైఫిలు పైన చక్కని నల్లపూతతో మెరిసినా, కర్ర విప్పగానే అడుగున గుంటలు తేలాయి. మళ్లీ పూత వేసినప్పుడు రుద్దుడుకు అంచులు మొద్దుబారతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం పల్లంగా కనిపిస్తుంది. ఈ రెండూ ఉన్న రైఫిలుకు అసలు పూత ధర నేనైతే ఇవ్వను.

ఈ వారం అభ్యాసంగా, యజమాని అనుమతితో ఒక రిసీవరును ఎడమవైపు నుంచీ పైనుంచీ చూసి బొమ్మ గీయండి. వచ్చే పాఠంలో బ్యారెల్‌పై ఉండే పరీక్షా ముద్రలను చదువుదాం.