మళ్ళీ పరుగు మొదలుపెట్టాక ఎక్కడ తేడా కొడుతోంది? సమస్య - పరిష్కారం

రెండో బిడ్డ పుట్టాక నా పరుగు దాదాపు రెండేళ్ళు ఆగిపోయింది. తిరిగి మొదలుపెట్టిన రోజు, వారానికి 45 కిలోమీటర్లు పరుగెత్తిన కాలం నాటి డైరీ తీసి ముందు పెట్టుకున్నాను. ఆరో వారానికి కాలి ఎముక నొప్పితో ఆగిపోయాను. పిల్లలు, ఉద్యోగం, ఇంటిపని మధ్య పరుగును మళ్ళీ నిలబెట్టుకోవాలనుకునేవాళ్ళకు ఆ డైరీ పనికిరాదని నేను గట్టిగా నమ్ముతాను. అది వేరే శరీరానిది, వేరే ఇంటిది.

మీకు కనిపిస్తున్న లక్షణం దగ్గరికి నేరుగా వెళ్ళండి. టైమ్ లేకపోతే కనీసం 2, 3 చదవండి. ఎక్కువమంది ఆగిపోయేది ఆ రెండింటి దగ్గరే.

1. రెండు నిమిషాలకే ఆయాసం వస్తోంది

పాత స్పీడ్‌లో బయల్దేరగానే రొప్పు, గుండె దడ. వయసు మీద పడిందేమోనని దిగులు.

కారణం: వయసు కంటే ముందు అనుమానించాల్సింది గ్యాప్‌ని. పరుగు మానేసిన రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, తగ్గుతుంది. గుండె ఒక్కసారి కొట్టుకుంటే వెళ్ళే రక్తం తగ్గిపోతుంది కాబట్టి, అదే స్పీడ్‌కి అది ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. అయితే ముందు పోయిన ఈ ప్లాస్మాయే ముందు తిరిగొస్తుంది. అందుకే మొదటి రెండు మూడు వారాల్లో మార్పు బాగా తెలుస్తుంది.

పరిష్కారం: పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. మధ్యలో ఊపిరి తెగితే నడవండి. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక చొప్పున 20 నిమిషాలతో మొదలుపెట్టి, పరుగు వాటాను కొద్దికొద్దిగా పెంచండి. నడవడం నామోషీ అనుకోవద్దు. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే 1970ల నుంచీ మామూలు జనానికి నేర్పింది ఈ పరుగు-నడక పద్ధతే.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, గుండె లయ తప్పినట్టు అనిపించడం ఉంటే మాత్రం అది గ్యాప్ వల్ల అని సర్దిచెప్పుకోకండి. పరుగు ఆపి డాక్టర్‌ని కలవండి.

2. ఊపిరి బాగానే ఉంది, కాలు మాత్రం నొప్పి పెడుతోంది

నాలుగో వారానికీ ఎనిమిదో వారానికీ మధ్య వచ్చే సమస్య ఇది. మోకాలి కింద ఎముక వెంట నొప్పి, లేదా పొద్దున మంచం దిగగానే మడమ వెనక బిగుసుకుపోయినట్టు ఉండటం.

కారణం: గుండె, ఊపిరి వారాల్లో కోలుకుంటాయి. ఎముకకు, టెండన్లకు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) నెలలు కావాలి. బరువు పడ్డ ఎముక తనను తాను బాగుచేసుకునేటప్పుడు ముందు పాత భాగాన్ని తవ్వి తీసేసి, తర్వాత కొత్తది నింపుతుంది. ఆ పని పూర్తవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అంటే సరిగ్గా మీకు ఉత్సాహం పెరిగే రోజుల్లోనే ఎముక కాస్త బలహీనంగా ఉంటుంది. నా కాలు దెబ్బతిన్నదీ ఇక్కడే. ఊపిరి ఆడుతోంది కదా అని దూరం పెంచేశాను.

పరిష్కారం: వారానికి 10 శాతం మించి పెంచొద్దన్న మాట అందరూ వినే ఉంటారు. దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త రన్నర్లతో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. 10 శాతం లెక్కన నెమ్మదిగా పెంచినవాళ్ళలోనూ, మామూలు ప్లాన్ పాటించినవాళ్ళలోనూ ఐదుగురిలో ఒకరికి గాయమైంది. 2025లో 5,200 మంది రన్నర్ల మీద వచ్చిన మరో అధ్యయనంలో, గాయాలకు వారం మొత్తం దూరంతో కంటే ఒక్క రోజు దూరంతోనే స్పష్టమైన సంబంధం కనిపించింది. గత 30 రోజుల్లో పరుగెత్తిన అతి పొడవైన రన్ కంటే 10 శాతానికి మించి ఎక్కువ దూరం ఒకేసారి వెళ్ళినవాళ్ళకు గాయాల రేటు పెరిగింది.

ఇంటి బాధ్యతలున్నవాళ్ళకు ఈ విషయం చాలా ముఖ్యం. వారమంతా కుదరక, ఆదివారం ఒక్కరోజే అన్నీ కలిపి పరుగెత్తే అలవాటు మనకే ఎక్కువ. నెలలో మీ పొడవైన రన్ 6 కిలోమీటర్లయితే, ఈ ఆదివారం ఆరున్నర దాటకండి. మిస్సయిన రన్ మిస్సయినట్టే వదిలేయండి.

నొప్పి పదికి మూడు లోపు ఉండి, మర్నాటి పొద్దుటికి తగ్గిపోతే జాగ్రత్తగా కొనసాగించవచ్చు. నొప్పి ఎముక లోపలి అంచు వెంట జానెడు మేర పరుచుకుని ఉంటే అది చాలావరకు షిన్ స్ప్లింట్స్. దూరం సగానికి తగ్గించండి. వేలితో నొక్కితే ఒకే చోట చురుక్కుమన్నా, నడిచినప్పుడో రాత్రి పడుకున్నప్పుడో కూడా నొప్పి ఉన్నా స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి పగులు) కావచ్చు. వెంటనే ఆపి చూపించుకోండి.

రోజు విడిచి రోజు మునివేళ్ళ మీద లేచి నెమ్మదిగా దిగే వ్యాయామం చేయండి. మోకాలు నిటారుగా ఉంచి 15 సార్లు, కొద్దిగా వంచి 15 సార్లు, మూడు విడతలు. దీనికి వేరే టైమ్ అక్కర్లేదు. పిల్లలు పళ్ళు తోముకునేదాకా పక్కన నిలబడతాం కదా, అది చాలు. అడుగులు కాస్త చిన్నవి చేసి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను 5 శాతం పెంచినా మోకాలి మీద భారం తగ్గుతుంది.

3. వారం ప్లాన్ బుధవారానికే చెదిరిపోతోంది

సోమవారం ఉత్సాహంగా మొదలవుతుంది. ఒక బిడ్డకు జలుబు, ఆఫీసులో ఒక అర్జంట్ పని, అంతే. గురువారానికి ‘ఇక వచ్చే వారం చూద్దాం’ అనేస్తాం.

కారణం: ప్లాన్‌ని అన్నీ సజావుగా సాగే వారం కోసం వేసుకోవడం. అలాంటి వారం నెలకొకటి వస్తే గొప్ప.

పరిష్కారం: గత నెలలో మీ ఇంట్లో అన్నిటికంటే గందరగోళంగా గడిచిన వారాన్ని గుర్తు చేసుకోండి. ఆ వారంలో కూడా ఎన్ని రన్‌లు కుదిరేవి? రెండే అంటే, మీ ప్లాన్ రెండు రన్‌లదే. మూడోది కుదిరితే మంచిది, కుదరకపోతే లోటు కాదు. నేను మంగళవారం 25 నిమిషాలు, శనివారం కాస్త పొడవైన రన్ ఖాయం చేసుకున్నాను. మూడోదానికి రోజు పెట్టుకోలేదు. ఈ పద్ధతిలో ఐదు నెలలు ఒక్క వారం కూడా ఖాళీ పోలేదు. డైరీ ముందు పెట్టుకుని పరుగెత్తినప్పుడు ఆరు వారాలు కూడా నిలవలేదు.

రెండు రోజులతో ఏం ఒరుగుతుందని అనుకోవద్దు. 1981లో వచ్చిన ఒక ప్రయోగంలో వారానికి ఆరు రోజులు సాధన చేసినవాళ్ళు దాన్ని రెండు రోజులకు తగ్గించినా, ఒక్కోరోజు చేసే తీవ్రత తగ్గనివ్వకపోతే, 15 వారాల దాకా సామర్థ్యం దాదాపు నిలబడింది. రెండు రోజులతో శిఖరాలు ఎక్కలేకపోవచ్చు, ఎక్కినంత వరకు జారిపోకుండా మాత్రం ఉండొచ్చు.

4. పరుగుకు వెళ్తుంటే ఇంట్లో విసుక్కుంటున్నారు

కారణం: ఇంట్లోవాళ్ళకు పరుగు మీద కోపం ఉండటం అరుదు. ఎప్పుడు తిరిగొస్తారో తెలియకపోవడం, వచ్చాక మరో గంట సోఫాకే అతుక్కుపోవడం, ఈలోగా పని మొత్తం ఒక్కరి మీదే పడటం, అసలు బాధ ఇవి.

పరిష్కారం: వెళ్ళే టైమ్ కాకుండా తిరిగొచ్చే టైమ్ చెప్పండి. దానికి కట్టుబడండి, దూరం పూర్తికాకపోయినా సరే. స్నానం కూడా ఆ లెక్కలోనే కలపండి. మీరు బయట గడిపినంత సమయం మీ జీవిత భాగస్వామికి కూడా ఖాయంగా దొరకాలి. అడిగితే ఇవ్వడం కాదు, ముందే వారం ప్లాన్‌లో రాసి ఉండాలి. మా ఇంట్లో ఈ ఒక్క మార్పుతో వాతావరణం తేలికపడింది. ఒంటరిగా పిల్లలను పెంచుతున్నవాళ్ళకు ఇది వర్తించదు. వాళ్ళకు పిల్లలు ఆడుకునే మైదానం చుట్టూ వాళ్ళు కంటికి కనిపించేలా తిరిగే చిన్న రౌండ్లే నమ్మకమైన దారి.

5. నిద్రలేని రాత్రి తర్వాత కాళ్ళు కదలట్లేదు

నిద్ర తక్కువైతే అదే పేస్ (కిలోమీటరుకు పట్టే టైమ్) ఎక్కువ కష్టంగా అనిపిస్తుంది. ఒక్క రాత్రి చెడితే వాచీ చూడకుండా 20 నిమిషాలు మెల్లగా వెళ్ళిరండి. వరసగా మూడు రాత్రులు చెడితే అలారం ఆపేసి పడుకోండి. ఆ వారానికి నిద్రే మీ ట్రైనింగ్.

6. నెలలు గడిచినా పేస్ మెరుగవ్వట్లేదు

టైమ్ తక్కువ కదా అని ప్రతి రన్‌నూ గట్టిగానే పరుగెత్తుతుంటే ఇలా జరుగుతుంది. ఈజీ రన్ నిజంగా ఈజీగా ఉండాలి. వారానికి ఒక్కసారి, అదీ కాళ్ళలో నొప్పి లేని రెండు నెలల తర్వాత, చివర్లో 20 సెకన్ల వేగపు పరుగులు నాలుగైదు కలపండి.

7. కాన్పు తర్వాత పరుగెత్తితే మూత్రం లీకవుతోంది, పొత్తికడుపు కింద బరువుగా ఉంది

ఇది తల్లులందరికీ మామూలేనని చెప్పి ఊరుకోబెడతారు. ఊరుకోవద్దు. మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని కింద నుంచి పట్టి ఉంచే కటి కండరాలు (పెల్విక్ ఫ్లోర్) ఇంకా కోలుకోలేదని దాని అర్థం. బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం కాన్పయ్యాక కనీసం మూడు నెలల దాకా పరుగు వద్దు. ఆ తర్వాత కూడా 30 నిమిషాల నడక, ఒంటికాలి మీద 10 గెంతులు ఏ ఇబ్బందీ లేకుండా చేయగలగాలి. లీకేజీ ఉంటే కటి కండరాల మీద పనిచేసే ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి.

8. పిల్లల నుంచి జ్వరం అంటుకుని మళ్ళీ గ్యాప్ వచ్చింది

జ్వరం ఉన్నన్నాళ్ళూ పరుగు వద్దు. తగ్గాక రెండు మూడు రోజులు నడిచి చూడండి. గ్యాప్ వారం లోపయితే ఆగిన చోటి నుంచే, కాస్త మెల్లగా కొనసాగించండి. రెండు వారాలు దాటితే సగం దూరంతో మొదలుపెట్టండి. నెల దాటితే 1వ సమస్య దగ్గరికి వెళ్ళి, ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టండి.