మాటల పుట్టుక, 3వ పాఠం: ఇటలీ 'చేన', పోలండ్ 'ౘెన'

కాగితం మీద ఒకేలా కనిపించే రెండు మాటలు చుట్టాలో కాదో తేల్చడం ఈ పాఠంలో పని. తీసుకునే మాటకు రోమన్ లిపిలో అక్షరాలు నాలుగు: సి, ఇ, ఎన్, ఎ. ఇటాలియన్‌లో ఇది రాత్రి భోజనం. పోలిష్‌లో ధర.

భోజనానికి ధర కట్టాలి కాబట్టి రెండూ ఒకటే అని కథ అల్లకండి. అలాంటి కథ ఏ రెండు మాటలకైనా దొరుకుతుంది. అర్థం సంగతి ఆఖర్న చూద్దాం.

ముందు పైకి పలకండి. ఇటాలియన్‌ది 'చేప'లోని తాలవ్య చ, నాలుక అంగిలికి తగిలేది. పోలిష్‌ది 'చాప'లోని దంత్య ౘ, నాలుక పళ్ళ దగ్గర తగిలేది. చిక్కల్లా ఏమిటంటే, తెలుగులో ఇ, ఎ ల ముందు చ ఎప్పుడూ తాలవ్యమే. అందుకే పోలండ్‌లో ధర అడగబోయి మన నోరు ఇటలీ భోజనం దగ్గరికి పోతుంది. 'చాప, చాప' అని నాలుగుసార్లు అని, నాలుకను అక్కడే ఉంచి 'ఆ'కు బదులు 'ఎ' పలకండి: ౘె, ౘెన. ఇటాలియన్‌లో మొదటి అచ్చు సాగుతుంది, పోలిష్‌లో సాగదు. 'కె చె పెర్ చేన?' అంటే రాత్రికి భోజనం ఏమిటని. 'యాకా యెస్ట్ ౘెన?' అంటే ధర ఎంతని.

తర్వాత ఒక్కో మాటకూ ఇంటివాళ్ళెవరో చూడండి. ఇటాలియన్‌లో చెనారె అంటే రాత్రి భోంచేయడం, చెనోనె అంటే పండగ రాత్రి పెద్ద విందు. మిలాన్‌లో లియొనార్డో గీసిన కడరా భోజనం చిత్రాన్ని చెనాకొలొ అంటారు. పోలిష్‌లో ౘెన్నిక్ ధరల పట్టిక, ఒౘెన మదింపు, బడిలో వేసే గ్రేడు కూడా. ఒక ఇంట్లో అంతా తిండి, ఇంకో ఇంట్లో అంతా విలువ కట్టడం. ఇక్కడే అనుమానం రావాలి. అయితే అనుమానం రుజువు కాదు.

రుజువు పాత రూపాల్లో ఉంటుంది. ప్రాచీన లాటిన్‌లో ఇటాలియన్ మాట 'కేనా'. అంతకు ముందు లోపల ర, స లు ఉండేవి, అవి అరిగిపోయాయి. కోయడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టి, 'కోసి పంచిన వాటా' అయింది. సంస్కృత కర్తరి, దాని నుంచి వచ్చిన మన కత్తెర కూడా ఆ ధాతువువే. పోలిష్ మాట మూలం 'కోయ్నా' వంటిది. లిథువేనియన్‌లో ధరను ఇప్పటికీ కైనా అంటారు, పాత క అలాగే నిలిచింది. ధాతువుకు అర్థం చెల్లించడం, పరిహారం కట్టడం. రెండు చోట్లా మొదట ఉన్నది క కారమే. ఎ రకం అచ్చు ముందు అది ఒక చోట చ, ఇంకో చోట ౘ అయింది. లిపి రెంటికీ ఒకే సి అక్షరం ఇచ్చింది, అంతే.

అసలు తమాషా ఇంకోటి. పోలిష్ ౘెనకు ఇటాలియన్‌లో చుట్టం ఉంది, కానీ అది చేన కాదు, పేన: శిక్ష, బాధ. గ్రీకులో క స్థానంలో ప వచ్చి 'పోయినే' అయింది, అంటే హత్యకు కట్టే పరిహారం. దాన్ని లాటిన్ అరువు తెచ్చుకుంది. చూపుకు ఒకేలా ఉన్నవి పరాయివి, వేరుగా ఉన్నది చుట్టం.

దీనికి తిరగేసిన కేసు కూడా పక్కన పెట్టుకోండి. ఇటాలియన్ కొలత్సియోనె ఉదయం ఫలహారం, పోలిష్ కొలాత్స్య రాత్రి భోజనం. పూటలు వేరు కదా అని విడదీస్తే తప్పే. రెండూ లాటిన్ 'కొల్లాతియో' సంతానం. మఠాల్లో సన్యాసులు సాయంత్రం గ్రంథపఠనం తర్వాత తినే తేలికపాటి తిండికి ఆ పేరు వచ్చింది. పోలిష్ సాయంత్రాన్ని నిలుపుకుంది, ఇటాలియన్ పొద్దుటికి జరిగింది.

అభ్యాసం: ఇటాలియన్ 'రాన' కప్ప, పోలిష్ 'రాన' గాయం. పైన చెప్పిన వరుసలోనే తేల్చండి. పోలిష్ మాటతో పండితులు పోల్చే సంస్కృత మాట తెలుగువాళ్ళకు బాగా తెలిసినదే. మొదట్లో ఉన్న వ పోలిష్‌లో జారిపోయింది.